లిపోఫెక్టమిన్ 3000తో ఏ549 కణాలు: రెండేళ్ల వాడకం తర్వాత

ఏ549 అనే ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లోకి ప్లాస్మిడ్లను, అంటే గుండ్రటి చిన్న డీఎన్‌ఏ ముక్కలను పంపి, ఆ ప్లాస్మిడ్ తయారు చేయించే ప్రోటీన్ వల్ల కణాల కదలిక ఎలా మారుతుందో చూడటం నా పరిశోధనలో పెద్ద భాగం. బెంగళూరు ఉత్తరాన, బళ్లారి రోడ్డు నుంచి కాస్త లోపలికి ఉండే మా ప్రయోగశాలలో రెండేళ్లుగా ఆ పనికి డీఎన్‌ఏను కణంలోకి చేర్చే లిపోఫెక్టమిన్ 3000 అనే మందునే వాడుతున్నాను. రెండు సీసాలు ఖాళీ అయ్యాయి, మూడోది సగానికి వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుల కోసం అనంతపురం నుంచి, తిరుపతి నుంచి, కర్నూలు నుంచి వచ్చే పిల్లలు మొదటి నెలలోనే అడిగే ప్రశ్న ఒకటుంది: “అక్కా, అంత ఖరీదు పెట్టి అదే కొనాలా?” క్యాంటీన్‌లో కాఫీ గ్లాసు పట్టుకుని చెప్పే జవాబు ప్రతిసారీ సగంలోనే ఆగిపోతోంది కాబట్టి ఈసారి తీరిగ్గా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: కొనండి, కాని చిన్న సీసా కొనండి, అంతకన్నా ముందు మీ ఫ్లాస్కులో పెరుగుతున్న కణాల ఆరోగ్యం ఏమిటో తేల్చుకోండి. ఈ మందు పనిచేయడం లేదని నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువ మంది విషయంలో తప్పు చివరికి ఫ్లాస్కులోనే దొరికింది, నా విషయంలోనూ అంతే.

కొత్తవారి కోసం ఈ మందు చేసే పనిని రెండు మాటల్లో చెబుతాను. డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది, కణం పైపొరకూ అంతే. అందుచేత ప్లాస్మిడ్‌ను ఊరికే మీడియాలో (కణాలు పెరిగే పోషక ద్రవంలో) కలిపితే అది కణాన్ని చేరదు. 1973లో గ్రాహం, వాన్ డర్ ఎబ్ కాల్షియం ఫాస్ఫేట్ నలుసులకు డీఎన్‌ఏను అంటించి ఈ చిక్కును దాటారు. 1987లో ఫెల్గ్నర్ బృందం ధనావేశం ఉన్న కృత్రిమ లిపిడ్‌తో అదే పనిని ఇంకా బాగా చేసి చూపించి, ఆ పద్ధతికి లిపోఫెక్షన్ అని పేరు పెట్టింది. ఇప్పుడు మనం కొనే సీసాలన్నీ ఆ వంశానివే. లిపిడ్ డీఎన్‌ఏను చుట్టుకుని సన్నని నలుసుగా మారుతుంది, కణం ఆ నలుసును ఆహారంలాగా లోపలికి మింగుతుంది, మింగిన సంచిలోంచి డీఎన్‌ఏ బయటపడాలి, బయటపడి కేంద్రకంలోకి చేరాలి. ఈ చివరి మెట్ల దగ్గరే ఎక్కువ డీఎన్‌ఏ పోతుంది. కణం విభజన చెందేటప్పుడు కేంద్రకపు పొర కరిగిపోతుంది కాబట్టి, ఆ సమయంలో లోపల ఉన్న డీఎన్‌ఏకు దారి సులువవుతుంది. విభజన చెందుతున్న కణాల్లో ట్రాన్స్‌ఫెక్షన్ (ఇలా డీఎన్‌ఏను కణంలోకి పంపడం) బాగా కుదరడానికీ, వారం రోజులుగా ఇరుక్కుని పెరుగుదల ఆగిపోయిన కణాల్లో కుదరకపోవడానికీ ప్రధాన కారణం ఇదే. కింద నేను చెప్పబోయే తప్పుల్లో చాలావరకు ఈ ఒక్క విషయాన్ని మరచిపోవడం వల్ల జరిగినవే.

ప్యాకెట్‌లో లిపిడ్ సీసాతో పాటు పీ3000 అనే మరో ద్రవం వస్తుంది. 24 వెల్‌ల (చిన్న గుంటల) ప్లేటులో ఒక్కో వెల్‌కు 500 నానోగ్రాముల డీఎన్‌ఏ, దానికి 1 మైక్రోలీటరు పీ3000. వేరే ట్యూబులో లిపిడ్ 0.75 లేదా 1.5 మైక్రోలీటర్లు, రెండింటినీ 25 మైక్రోలీటర్ల చొప్పున ఆప్టిమెమ్ అనే సీరం కలపని మీడియాలో పలుచన చేసి, కలిపి, గది ఉష్ణోగ్రతలో 10 నుంచి 15 నిమిషాలు ఉంచి, కణాల మీద చుక్కలు చుక్కలుగా వదలడం, పద్ధతి మొత్తం ఇంతే. కణాల మీడియాలో సీరం ఉన్నా పరవాలేదు, మర్నాడు మీడియా మార్చాల్సిన అవసరమూ లేదు. సీరం ఉండకూడనిది ఆ రెండు ట్యూబుల్లోనే, ఎందుకంటే సీరంలోని ప్రోటీన్లు నలుసులు ఏర్పడేటప్పుడే అడ్డం పడతాయి. మొదటిసారి చేసేవారు కూడా మధ్యాహ్న భోజనానికి ముందు మొదలుపెట్టి భోజనం వేళకు ముగించవచ్చు. ఈ సౌలభ్యానికి నేను పూర్తి మార్కులు వేస్తాను. ఒక్క జాగ్రత్త మాత్రం కాగితంలో ఉన్నదానికన్నా గట్టిగా చెప్పాలి: డీఎన్‌ఏ ట్యూబులో పీ3000 వేశాక, దాన్ని లిపిడ్ ట్యూబులోకి వంచి, పిపెట్‌తో నెమ్మదిగా రెండు మూడు సార్లు పైకీ కిందికీ ఆడిస్తే చాలు. వోర్టెక్స్ మీద పెట్టి గిరగిరా తిప్పిన మా జూనియర్ ప్లేటులో ఆకుపచ్చ వెలుగు (ప్లాస్మిడ్ చేరిన కణాల్లో తయారయ్యే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ వెలుగు) అక్కడక్కడా ముద్దలుగా మాత్రమే కనిపించింది.

ఇక కణాల సంగతి. ఏ549 అనేది 1972లో గియార్డ్ బృందం 58 ఏళ్ల పురుషుడి ఊపిరితిత్తి కణితి ముక్క నుంచి పెంచిన కణాల వరుస. కణాలను దాచి పంచే అమెరికా సంస్థ ఏటీసీసీ జాబితాలో దాని సంఖ్య సీసీఎల్-185. ఊపిరితిత్తుల్లో గాలిగదుల రెండో రకం కణాల లక్షణాలు దీనిలో కొన్ని ఉన్నాయని 1976లో లీబర్ బృందం రాసింది. కేరాస్ జన్యువులో 12వ స్థానపు మార్పు, ఎస్టీకే11లో లోపం దీనికి ఉన్నాయి. దెబ్బతిన్న కణం పెరుగుదలను ఆపే పీ53 మాత్రం మామూలుగానే ఉంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది. వీటికి ఇష్టమైన మీడియా ఎఫ్-12కే, 10 శాతం ఎఫ్‌బీఎస్‌తో (పశు పిండం సీరంతో). మన ప్రయోగశాలల్లో చాలామంది డీఎంఈఎంలోనే పెంచుతారు, అందులోనూ చక్కగా పెరుగుతాయి. సుమారు 22 నుంచి 24 గంటలకు ఒకసారి రెట్టింపవుతాయి. చెప్పిన మాట వినే కణాలు, పెంచడం సులువు. అయితే డీఎన్‌ఏను సులువుగా తీసుకునే హెచ్ఈకే293 కణాల మీద ట్రాన్స్‌ఫెక్షన్ నేర్చుకుని వచ్చినవారు ఏ549 ప్లేటును మైక్రోస్కోపు కింద పెట్టిన మొదటి రోజున డీలా పడిపోతారు. అక్కడ వెన్నెల కాసినట్టు ప్లేటంతా పచ్చగా వెలిగిన జీఎఫ్‌పీ, ఇక్కడ అమావాస్య నాటి మిణుగురుల్లా అక్కడొకటి ఇక్కడొకటి కనిపిస్తుంది.

నాకూ అదే జరిగింది. మొదటి ప్లేటులో పది కణాలకు ఒకటి కూడా వెలగలేదు. పైగా సగం కణాలు అడుగు వదిలేసి, పాయసంలో విడిపోయిన సగ్గుబియ్యంలాగా గుండ్రంగా తేలుతున్నాయి. సీసా బాగోలేదని మా మేడమ్ దగ్గర ఫిర్యాదు చేశాను. ఆవిడ సీసా గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు. “కణాలు ఎప్పుడు వేశారు? ఎన్ని వేశారు? ఏ పాసేజ్?” అని మూడు ప్రశ్నలు అడిగారు (పాసేజ్ అంటే కణాలను పలుచన చేసి కొత్త ఫ్లాస్కులోకి మార్చడం, అది ఎన్నోసారి అని ప్రశ్న). మూడింటిలో ఒక్కదానికే నా దగ్గర జవాబుంది. అంతకు ముందు వారమంతా నిండుగా నిండిపోయి ఉన్న ఫ్లాస్కు నుంచి కణాలను తీసి, లెక్కపెట్టకుండా కంటి అంచనాతో వేసి, నాలుగు గంటలకే మందు వదిలాను. అడుగును ఇంకా గట్టిగా పట్టుకోని, విభజన మొదలుపెట్టని కణాల మీద ధనావేశపు లిపిడ్ పడితే ఏమవుతుందో ఆ తేలే కణాలే చెప్పాయి.

అప్పటి నుంచి నా అలవాటు ఇది: ఫ్లాస్కు 80 శాతానికి మించి నిండనివ్వను, రెండు మూడు రోజులకు ఒకసారి తప్పకుండా పాసేజ్ చేస్తాను, ట్రాన్స్‌ఫెక్షన్‌కు ముందు రోజు మధ్యాహ్నం కౌంటింగ్ ఛాంబర్‌లో లెక్కపెట్టి 24 వెల్‌ల ప్లేటులో వెల్‌కు సుమారు 80 వేల కణాలు వేస్తాను. మర్నాటికి అడుగు మూడింట రెండు వంతులకు పైగా నిండుతుంది. కంపెనీ కాగితం 70 నుంచి 90 శాతం అంటుంది. ఏ549కు 70 దగ్గరే నాకు బాగా కుదిరింది, 90 దగ్గర కణాలు బతికాయి కాని వెలుగు తగ్గింది. కణాలను అడుగు నుంచి విడిపించే ట్రిప్సిన్ విషయంలోనూ తొందర పనికిరాదు. 0.25 శాతం ట్రిప్సిన్-ఈడీటీఏ వేసి, రెండు మూడు నిమిషాలకు మైక్రోస్కోపు కింద చూస్తే, ముందు కణాల అంచులు మెరుస్తాయి, తర్వాత పలకల్లా పరుచుకున్నవి ముడుచుకుని గుండ్రమవుతాయి, ఫ్లాస్కు పక్కకు అరచేత్తో చిన్న దెబ్బ వేస్తే ఇసుక జారినట్టు ఒక్కసారిగా జారతాయి. ఆ జారుడు చూశాకే సీరం ఉన్న మీడియా పోసి ట్రిప్సిన్‌ను ఆపాలి. అంతకు ముందే పిపెట్‌తో గోకి లేపితే కణాలు గుత్తులుగా వస్తాయి. గుత్తి మధ్యనున్న కణాలకు మందు అందదు.

ఇంత చేశాక వెలుగు సగానికి చేరింది. సంతోషించి మూడు నెలలు గడిపాను. ఆ తర్వాత ఏ కారణమూ లేకుండా వారం వారం పడిపోతూ వచ్చింది. అదే సీసా, అదే ప్లాస్మిడ్, అదే చెయ్యి. కణాలు కూడా చూడటానికి బాగానే ఉన్నాయి, మీడియా మసకబారలేదు, పెరుగుదల కొంచెం మందగించింది, అంతే. ఈసారి ఎవరూ ప్రశ్నలు అడగక ముందే ఒక కవర్‌స్లిప్ మీద కణాలు పెంచి, డీఎన్‌ఏకు అంటుకుని నీలంగా వెలిగే డ్యాపీ రంగు వేసి, చీకటి గదిలో చూశాను. కేంద్రకాలు నీలంగా, కోడిగుడ్డు ఆకారంలో ఉండాల్సినట్టే ఉన్నాయి. వాటి చుట్టూ, ఏమీ ఉండకూడని చోట, నల్లటి ఆకాశంలో పొడి చల్లినట్టు సన్నని నీలి చుక్కలు వందల కొద్దీ కనిపించాయి. మైకోప్లాస్మా. మర్నాడు చేసిన పీసీఆర్‌లో కూడా దాని డీఎన్‌ఏ బ్యాండు స్పష్టంగా వచ్చింది.

ఈ క్రిమి గురించి పాఠ్యపుస్తకంలో చదివినది వేరు, సొంత ఫ్లాస్కులో చూసినది వేరు. దానికి కణభిత్తి లేదు కాబట్టి మనం మీడియాలో వేసే పెనిసిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. ఎంత చిన్నదంటే 0.22 మైక్రాన్ల వడపోతలోంచి కూడా జారిపోగలదు. మామూలు బ్యాక్టీరియాలాగా మీడియాను మసకబార్చదు, అందుచేత నెలల తరబడి తెలియకుండా బతుకుతుంది. అది కణాల ఆహారాన్ని పంచుకుంటుంది, దాని న్యూక్లియేజులు డీఎన్‌ఏను కత్తిరిస్తాయి. అలాంటి చోట ఎంత గొప్ప లిపిడ్ పోసినా ఏం లాభం? ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటే, తెలిసిన వేరే ప్రయోగశాల నుంచి ఒక మిత్రుడు ప్రేమతో ఇచ్చిన ఫ్లాస్కు దగ్గర ఆగింది. పరీక్షించకుండా అదే ఇంక్యుబేటర్‌లో పెట్టిన తప్పు నాదే. ఫ్లాస్కులన్నీ బ్లీచ్‌లో ముంచి, ఆటోక్లేవ్ చేసి, ఇంక్యుబేటర్ నీటి ట్రేతో సహా తుడిచి, పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి కొత్త కణాలు తెప్పించుకున్నాం. రాగానే తొలి పాసేజ్‌లలోనే పది పన్నెండు వయల్స్ ద్రవ నత్రజనిలో దాచాం. నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లారేలా ఐసోప్రొపనాల్ డబ్బాలో పెట్టి, మర్నాడు నత్రజనిలోకి మార్చాం. ఇప్పుడు నెలకోసారి పీసీఆర్, 20 పాసేజ్‌లు దాటితే కొత్త వయల్. దీనికయ్యే ఖర్చు, వెలుగు పడిపోయిన ఆ వారాల్లో నేను వృథా చేసిన మందు ఖర్చులో చిన్న వంతు కూడా కాదు.

మైకోప్లాస్మాతో పాటు కణాల గుర్తింపు పరీక్ష కూడా చేయించండి. 1951లో ఒక మహిళ కణితి నుంచి మొదలైన హీలా కణాలు ప్రపంచమంతా ఎన్ని ఫ్లాస్కుల్లోకి చొరబడ్డాయో తెలిసిందే. డీఎన్‌ఏ వేలిముద్ర లాంటి ఎస్టీఆర్ నివేదికలో ఏ549కు, లింగాన్ని చూపే అమెలోజెనిన్ జన్యువు దగ్గర ఎక్స్, వై రెండూ కనిపించాలి, ఎందుకంటే ఇవి పురుషుడి కణాలు. హీలా స్త్రీ కణాలు కాబట్టి అక్కడ ఎక్స్ ఒక్కటే ఉంటుంది. మిగిలిన స్థానాలన్నీ సరిపోల్చాల్సిందే కాని, నివేదిక చేతికి రాగానే నా కళ్లు ముందు ఆ గడి మీదికే వెళతాయి.

కణాలు మారాక అదే సీసాతో, అదే మోతాదుతో వెలుగు మళ్లీ పెరిగింది, పది కణాల్లో ఆరేడు వెలిగిన రోజులూ ఉన్నాయి. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఈ లెక్క ఒక చిన్న జీఎఫ్‌పీ ప్లాస్మిడ్‌కు. పీఈజీఎఫ్‌పీ-ఎన్1 లాంటిది 4.7 కిలోబేస్‌లే (4,700 డీఎన్‌ఏ అక్షరాలే), దానిలో ప్రోటీన్ తయారీని మొదలుపెట్టించే సీఎంవీ ప్రమోటర్ చాలా బలమైనది. 10 కిలోబేస్‌లు దాటిన నా అసలు ప్లాస్మిడ్‌తో అదే రోజు అదే ప్లేటులో వెలుగు సగం కూడా రాదు. జీఎఫ్‌పీతో మురిసిపోయి, ప్రోటీన్‌ను గుర్తించే వెస్టర్న్ బ్లాట్‌లో బ్యాండు రాలేదని ఏడ్చిన రాత్రులు నాకూ ఉన్నాయి. ప్లాస్మిడ్ శుద్ధి కూడా అంతే ముఖ్యం. మామూలు మినీప్రెప్‌తో తీసిన డీఎన్‌ఏలో శుద్ధిని చూపే 260/280 నిష్పత్తి 1.8 వచ్చినా, కణాలకు విషమయ్యే బ్యాక్టీరియా ఎండోటాక్సిన్ ఎంత ఉందో ఆ అంకె చెప్పదు. ఎండోటాక్సిన్ తీసేసే మిడిప్రెప్‌కు మారాక కణాల చావు కంటికి కనిపించేంత తగ్గింది.

మోతాదు విషయంలో నా అనుభవం సూటిగా ఉంది: ఏ549కు తక్కువ మోతాదే మేలు. 0.75 మైక్రోలీటర్ల దగ్గర వెలుగు కాస్త తక్కువ, బతికిన కణాలు ఎక్కువ, 1.5 దగ్గర వెలుగు కొంచెం పెరిగింది, కాని 48 గంటలకు కణాల సంఖ్య బాగా తగ్గింది. కణాల కదలికను కొలిచే నా ప్రయోగానికి చావబోతున్న కణం పనికిరాదు, అది గోడ పక్కన ముడుచుకుని కూర్చుంటుంది. ధనావేశపు లిపిడ్లన్నిటికీ ఈ గుణం ఉంది, ఈ సీసాకు ప్రత్యేకం కాదు. మందు వేసే రోజున మీడియాలో పెనిసిలిన్, స్ట్రెప్టోమైసిన్ లేకుండా చూసుకోవడం వల్ల కూడా తేడా వచ్చింది, ఎందుకంటే లిపిడ్ తెరిచిన దారిలోంచి ఆ మందులు కూడా ఎక్కువగా లోపలికి పోతాయి. ప్రతి ప్లేటులో ఏమీ వేయనిది ఒకటి, లిపిడ్ మాత్రమే వేసినది ఒకటి, ఖాళీ ప్లాస్మిడ్‌తో వేసినది ఒకటి తప్పకుండా ఉంచండి. పీ53 మామూలుగా ఉన్న కణాలని ముందు చెప్పానే, అందుకే ఇది మరీ ముఖ్యం. ట్రాన్స్‌ఫెక్షన్ ఒత్తిడికి కణం స్పందించి పెరుగుదల ఆపేసినా, ఆ ఆపేయడం మీ ప్రోటీన్ గొప్పతనమని మీరు పొరపాటున రాసుకునే ప్రమాదం ఉంది. లిపిడ్ మాత్రమే వేసిన వెల్ లేని థీసిస్ అధ్యాయాలు కొన్ని చదివాను, ఎవరివో చెప్పను.

అదే సీసాను మేము హెచ్1299 కణాల మీద కూడా వాడాం. ఇవి ఊపిరితిత్తుల క్యాన్సర్ లింఫ్ గ్రంథికి పాకాక అక్కడి నుంచి తీసినవి, వీటిలో పీ53 లేదు, ఆర్‌పీఎంఐ-1640లో పెరుగుతాయి. ఏ549తో కుస్తీ పట్టిన చేతికి ఇవి పండగలా అనిపించాయి. తక్కువ మోతాదుతోనే ప్లేటు పచ్చబడింది. మీ ప్రశ్నకు ఏ కణమైనా సరిపోతుందనుకుంటే మొదటి ప్రయోగం హెచ్1299 మీద చేసి ధైర్యం తెచ్చుకోండి. కాని పీ53తో ముడిపడిన ప్రశ్నకు ఒకదాని బదులు మరొకటి వాడటం కుదరదు.

ఒక ప్రోటీన్ తయారీని అణచే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క అయిన ఎస్ఐఆర్‌ఎన్‌ఏ కోసం ఈ సీసా కొనకండి. దానికి కేంద్రకం దాకా పోవాల్సిన పనే లేదు, కణద్రవంలోనే పని జరిగిపోతుంది. అదే కుటుంబంలో ఆర్‌ఎన్‌ఏఐమ్యాక్స్ అని వేరే సీసా ఉంది. ఏ549 మీద దానితో 10 నుంచి 20 నానోమోలార్ ఎస్ఐఆర్‌ఎన్‌ఏతోనే ప్రోటీన్ తగ్గడం చూశాను, కణాలు కూడా హాయిగా ఉన్నాయి. రెండు సీసాలూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయం అనుకుని ఉన్నదానితో సరిపెట్టుకుంటే రెండు పనులూ చెడతాయి.

డబ్బు లేనివారికి పీఈఐ (పాలీఇథిలీన్ ఇమిన్) ఉంది. 1995లో బూసిఫ్ బృందం పరిచయం చేసిన ఈ పాలిమర్‌ను, 25 కిలోడాల్టన్ల సరళ రకం, గ్రాము కొని మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము చొప్పున కరిగించి, పీహెచ్ 7కు తెచ్చి, వడపోసి, చిన్న ట్యూబుల్లో పెట్టుకుంటే లీటరు మందు తయారవుతుంది. ఒక పరిశోధక తరం దాన్ని పూర్తి చేయలేదు. జన్యువును కణపు డీఎన్‌ఏలోనే చేర్చే లెంటివైరస్ తయారీ కోసం హెచ్ఈకే293టీ కణాల మీద మేము ఇప్పటికీ పీఈఐనే వాడతాం, పెద్ద డిష్‌లలో లిపోఫెక్టమిన్ పోయడం దుబారా. కాని ఏ549 మీద అది నా చేతిలో వెలుగు తక్కువ, చావు ఎక్కువ ఇచ్చింది. స్థిరమైన కణ వరుస కావాల్సినప్పుడు నేరుగా లెంటివైరస్‌కే వెళ్లిపోతాను.

బెంగళూరులో ఉన్నవారికి ఒక చిన్న పక్క మాట. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది, గాలి పీడనం దాదాపు పదో వంతు తక్కువ. ఇంక్యుబేటర్ 5 శాతం కార్బన్ డయాక్సైడ్ అని చూపినా మీడియాలో కరిగేది ఆ మేరకు తగ్గుతుంది. డీఎంఈఎంలో లీటరుకు 3.7 గ్రాముల బైకార్బనేట్ ఉంటుంది కాబట్టి 5 శాతం దగ్గర అది ఎలాగూ కొంచెం క్షారం వైపే మొగ్గుతుంది, ఇక్కడ ఇంకొక్క పిసరు. పీహెచ్‌లో 0.05 మించని తేడా కణాలను చంపదు, కాని క్షారం వైపు మొగ్గితే మీడియా గులాబీ అవుతుంది కాబట్టి, చెన్నై నుంచి వచ్చిన మిత్రురాలు మా మీడియా రంగు చూసి “ఇంత గులాబీగా ఉందేంటి?” అని కంగారు పడినప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది.

ధర, సరఫరా సంగతికి వస్తాను. 1.5 మిల్లీలీటర్ల సీసాకు మేము కట్టిన సొమ్ము ఒక జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెల స్టైపెండు 37,000 రూపాయలను దాటింది. వెల్‌కు 0.75 చొప్పున లెక్కేస్తే 24 వెల్‌ల ప్లేట్లలో అది 2,000 వెల్‌లకు వస్తుంది, 1.5 చొప్పునైతే సగం. 6 వెల్‌ల ప్లేటులో ఒక్కో వెల్ 3.75 నుంచి 7.5 మైక్రోలీటర్లు తాగుతుంది, అంటే 400 నుంచి 200 వెల్‌లు. అందుకే మోతాదు తేల్చుకునేదాకా 24 వెల్‌ల ప్లేటు దాటి పోవద్దంటాను. 0.1 మిల్లీలీటరు చిన్న సీసా కూడా దొరుకుతుంది, తక్కువ మోతాదులో 130 వెల్‌ల దాకా వస్తుంది. ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అది చాలు.

సీసా మీద నాకు ఫిర్యాదు లేదు, దాన్ని మా దాకా తెచ్చే ఏర్పాటు మీద ఉంది. మాకు సరుకు పంపే డీలరు ప్రతినిధి చిత్తూరు వైపు అబ్బాయి, మాట మంచిది. “అక్కా, వచ్చే వారం పక్కా” అన్న మాట వరుసగా ఐదు వారాలు విన్నాను. చివరికి ఒక రెండో శనివారం మధ్యాహ్నం ఎఫ్‌బీఎస్, మందు కలిపి ఒకే థర్మోకోల్ డబ్బాలో పంపారు. సెక్యూరిటీ గదిలో సోమవారం దాకా ఉంది. సీరం పూర్తిగా కరిగి, డబ్బాలో గోరువెచ్చటి నీళ్లున్నాయి. మార్చి ఇమ్మని అడిగితే “మేము సమయానికే డెలివరీ ఇచ్చాం” అన్నారు. అప్పటి నుంచి ఆర్డరు కాగితం మీదే సోమవారం నుంచి గురువారం లోపు, చేతికి అందించాలి, అని రాయిస్తున్నాం. మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డ కట్టనివ్వకూడదు. కొత్తగా చేరిన ఒకరు దాన్ని శ్రద్ధగా మైనస్ 20లో పెట్టిన రోజు మాకు రెండో సీసాలో మూడో వంతు పోయింది. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద తెలుగులో, కన్నడంలో, ఇంగ్లీషులో కాగితం అంటించాం. తలుపు వైపు అరలో కూడా పెట్టను, లోపలి అరలో నిలబెడతాను, మూత మీద తెరిచిన తేదీ రాస్తాను.

మూడో సీసా మూత మీద ఇప్పుడు తేదీతో పాటు ఇంకో రెండు గడులు గీశాను: ఒకదానిలో ఏ వయల్ నుంచి తీసిన కణాలో, మరోదానిలో చివరి మైకోప్లాస్మా పరీక్ష ఎప్పుడో. పోయిన వారం వెలుగు కాస్త తగ్గినట్టు అనిపించినప్పుడు ముందు ఆ మూతనే చూశాను. పరీక్ష గడిలో ఐదు వారాల నాటి తేదీ ఉంది. సీసా పక్కన పెట్టి, పీసీఆర్‌కు మీడియా తీశాను.